రోజుల లెక్కా? దేశాల లెక్కా?

పోయిన నెలలో ఒక ఆదివారంనాడు కాఫీ తాగుతూ వుండగా, మా వీధి అయ్యవారు పొడుగాటి కాగితమొకటి మడిచి చేతబట్టుకొని మా ఇంటికి దయచేశారు. అయ్యవారంటే మా వీధిలో అందరికీ అయ్యవారే. ముప్పైయేళ్ళు బడిలో పాఠాలు చెప్పి రిటైరయినవారు. నాలుగో తరగతిలో నాచేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నదీ ఆయనే. కాబట్టి ఆయన గుమ్మంలో కనబడితే నేను కుర్చీలోనుంచి లేచి నిలబడడం ఇప్పటికీ తప్పదు.

“ఏమప్పా, ఆఫీసులో అందరి టి.ఏ. బిల్లులూ చూసేవాడివి గదా. ఈ బిల్లు కూడా ఒకతూరి చూసిపెట్టు” అని కాగితం నా ముందర పరిచారు.

చూశాను. జర్మనీ, ఆస్ట్రియా, హంగరీ, చెక్ దేశం, హాలండు, బెల్జియం, ఫ్రాన్సు, స్విట్జర్లాండు, ఇటలీ. ముత్యాల్లాంటి అక్షరాలతో వరసగా తొమ్మిది దేశాలు, ప్రతి దేశానికీ ఎదురుగా తేదీలు. అడుగున ఎర్రసిరాతో “వీలయితే లండను” అని. మొత్తం ఇరవైరెండు రోజులు.

సంగతేమంటే, ఆయన కొడుకు ఆరేళ్ళుగా మ్యూనిక్‌లో ఇంజనీరు. ఇంటికి వచ్చి మూడేళ్ళయింది. ఈసారి సెలవు దొరకలేదు, మీరే ఐదు వారాలు వచ్చి వుండండని తలిదండ్రులకు రాశాడు. ఇల్లు బాగుచేయించగా అయ్యవారి గ్రాట్యుటీలో కొంత మిగిలి వుంది. ఎవరో ఆయనకు యూరపు రైలు పాసు సంగతి చెప్పారు.

“ఒక్క పాసు కొంటే చాలునంట. ముప్పైమూడు దేశాల్లో బండ్లు ఎక్కొచ్చునంట. అట్లాంటప్పుడు తొమ్మిది చూసేదానికి ఏమి కష్టం?” అన్నారు అయ్యవారు.

మన హోసూరు ఫ్యాక్టరీలలో పని నేర్చి జర్మనీ వెళ్ళిన పిల్లలు ఇవ్వాళ ఏ వీధిలో చూసినా ఒకరిద్దరు తేలుతారు. వెనకాలే అమ్మానాన్నల ప్రయాణాలూ బయలుదేరుతున్నాయి. ఇంకో నాలుగిళ్ళకు పనికివస్తుందని, అయ్యవారి అనుమతితోనే ఈ నెల ఈ సంగతి రాస్తున్నాను.

ఆ పాసు వట్టిమాట కాదు. యూరపు బయట వుండేవారికోసం 1959లో పదమూడు దేశాల రైల్వేలు కలిసి పెట్టినది యూరెయిల్ పాసు. అక్కడ కాపురం వుండేవారికి 1972లో ఇంటర్‌రెయిల్ అని వేరే వచ్చింది. ఇప్పుడు రెండూ ముప్పైమూడు దేశాల్లో చెల్లుతాయి. ఇక్కడే మొదటి చిక్కు. పాసు ఏది అనేది మీ పాస్‌పోర్టును బట్టి కాదు, మీరు వుంటున్న చోటును బట్టి. అయ్యవారికీ ఆయన ఇల్లాలికీ యూరెయిల్. మ్యూనిక్‌లో వుండే కొడుకు మాత్రం ఇంటర్‌రెయిలే కొనాలి. అది కొన్నవాడు తాను వుండే దేశంలో ఇష్టం వచ్చినట్టు తిరగడానికి లేదు; వెళ్ళేటప్పుడొకటి, వచ్చేటప్పుడొకటి, రెండు రోజులే. ఈ సంగతి తెలియక ముగ్గురికీ ఒకే రకం పాసు కొంటే కొడుకు పాసు పనికిరాకుండా పోతుంది.

మన రైల్వేలో చుట్టు టిక్కెట్టు వున్నదే, బయలుదేరిన స్టేషనుకే తిరిగివచ్చేట్టు దారంతా ముందే రాయించుకొని తీసుకునేది, ఇది అట్లాంటిది కాదు. అక్కడ మన దారి కొలిచి డబ్బు తీసుకుంటారు. ఇక్కడ దారి కొలవరు, రోజులు అమ్ముతారు. నెలలో నాలుగు రోజులు, అయిదు రోజులు, ఏడు రోజులు. రెండు నెలల్లో పది, పదిహేను. ఇవి మనకు నచ్చినప్పుడు వాడుకునేవి. వరసగా పదిహేను రోజులు, ఇరవైరెండు రోజులు, నెల, రెండు నెలలు, మూడు నెలలు అని ఇంకో రకం. రోజు అంటే అర్ధరాత్రినుంచి అర్ధరాత్రిదాకా. ఆ రోజులో ఒక్క బండి ఎక్కినా పది బండ్లు ఎక్కినా ఒకటే. రాత్రి బండి అయితే ఎక్కిన రోజు మాత్రమే లెక్క, తెల్లవారి దిగాక ఇంకో బండి ఎక్కనంతవరకు. అరవై దాటినవారికి నూటికి పది తగ్గింపు వుంది; దంపతులిద్దరికీ వర్తిస్తుంది.

అయ్యవారు ఎంచుకున్నది ఇరవైరెండు రోజుల వరస పాసు. కాగితంలో తేదీలు చదువుతూపోతే నాకు కళ్ళు తిరిగాయి. బుడాపెస్టులో ఒక రాత్రి, ప్రాగులో ఒక రాత్రి, ఆమ్‌స్టర్‌డాములో రెండు. సగం రోజులు బండిలో, మిగతా సగం సామాను సర్దుకోవడంలో. “1830లో చెన్నపట్నంనుంచి కాశీకి పోయిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తిరిగివచ్చేసరికి పదిహేను నెలలు దాటిందని మీరే గదా సార్ మాకు చెప్పింది” అన్నాను. “ఆయనది పల్లకీ గదప్పా, మనది రైలు” అన్నారు. ఇంకేమంటాను?

నా పని అంకెలు చూడడం. అంకెలే చూసి నాలుగు రోజుల తరవాత వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మగారు నిప్పట్లు, కాఫీ పెట్టి గడప దగ్గర పీట వేసుకొని కూర్చున్నారు.

నేను మొదట చెప్పింది బస ఖర్చు. పాసు ధర చూసి అదే ప్రయాణం ఖర్చు అనుకుంటాము గాని, అది చిన్న పద్దు. కొడుకు ఇంట్లో పడుకుంటే అద్దె లేదు. ఇరవై రాత్రులు హోటళ్ళలో పడుకుంటే పాసు ధరకు ఎన్నో రెట్లు అవుతుంది.

రెండోది సీటు డబ్బు. పాసు వున్నంతమాత్రాన ప్రతి బండీ ఎక్కనివ్వరు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండులలో చాలా బండ్లకు రిజర్వేషను తప్పనిసరి కాదు. ఖాళీ వుంటే కూర్చోవచ్చు. ఫ్రాన్సులో వేగంగా పోయే టి.జి.వి. బండ్లకు, ఇటలీలో వేగం బండ్లకు, లండను పోయే యూరోస్టారుకు, రాత్రి పడక బండ్లకు విడిగా డబ్బు కట్టి సీటు రాయించుకోవాలి. పైగా కొన్ని బండ్లలో పాసువాళ్ళకని ఇన్ని సీట్లు అని విడిగా పెట్టి, అవి అయిపోతే లేవంటారు. మన తత్కాలులాగా తెల్లవారి లేచి చూసుకుందామనుకుంటే కుదరదు.

మూడోది లండను. ఎర్రసిరాతో రాసిన ఆ ఒక్క మాట మొత్తం ప్రయాణానికే ముప్పు. మన జూజువాడి దాటి అత్తిబెలె చేరితే కర్ణాటకం వచ్చినట్టు, అయ్యవారు రాసిన తొమ్మిది దేశాల నడుమ సరిహద్దులు దాటడానికి ఒకే వీసా చాలు. లగ్జెంబర్గులోని షెంగెన్ అనే చిన్న వూళ్ళో 1985లో కుదిరిన ఒప్పందం పుణ్యమది. ఇప్పుడు ఇరవైతొమ్మిది దేశాలు అందులో వున్నాయి. లండను అందులో లేదు. దానికి వేరే వీసా, వేరే డబ్బు. ఒక్కసారి లోపలికి రావడానికే షెంగెన్ వీసా ఇచ్చివుంటే, లండను వెళ్ళినవారు తిరిగి మ్యూనిక్ రాలేరు. సామానూ కొడుకూ అటు, తలిదండ్రులు ఇటు.

ఇదంతా అయ్యవారు ఓపికగా విన్నారు. ఎర్రసిరా కలం తీసి లండనును ఆయనే కొట్టేశారు. “సరే. తొమ్మిది వుండాయి గదా” అన్నారు.

అప్పటిదాకా మాట్లాడని అమ్మగారు గడప దగ్గరినుంచి నెమ్మదిగా అన్నారు: “నాకి పెద్ద చదువు లేదు నాయనా. ఏలి లెక్క మాత్రం వస్తాది. మేము ఆడ వుండేది ముప్పైఅయిదు దినాలు. దాంట్లో ఇరవైరెండు దినాలు బండ్లలో. మిగిలేది పదమూడు. వాడు ఆఫీసుకు పోయే దినాలు తీసేస్తే రెండు శనివారాలు, రెండు ఆదివారాలు. నాలుగు దినాలు వాని మొకం చూసేదానికి ఇంతదూరం పోవాల్నా?”

ఎవరమూ మాట్లాడలేదు. ఆమె ఇంకో మాట కూడా అన్నారు. “ఈ మోకాళ్ళతో మన హోసూరు స్టేషనులో మెట్లెక్కేదానికే నేను గోడ పట్టుకుంటాను. ఆడ దినానికొక స్టేషను.”

“ముందే చెప్పుండొచ్చు గదా” అన్నారు అయ్యవారు కళ్ళజోడు తుడుచుకుంటూ.

“అడిగితే గదా” అన్నారామె.

ముప్పైయేళ్ళు పిల్లలను ప్రశ్నలడిగిన మనిషి ఆ ఒక్క ప్రశ్నా అడగలేదు. నాకూ లోపల కొంచెం సిగ్గేసింది. హోటలు అద్దెలు లెక్కవేశాను, సీటు డబ్బు లెక్కవేశాను, కొడుకుతో గడిపే రోజులెన్ని అన్నది నా పద్దులో లేనేలేదు.

ఆ సాయంత్రమే కొత్త కాగితం తీసుకున్నాము. ఈసారి మొదట అమ్మగారినే అడిగాము, ఏం చూడాలని వుందని. “మంచు చేత్తో తాకాల. అంతే” అన్నారు. అయ్యవారిని అడిగితే పారిస్ అన్నారు. ఒక కొండ, ఒక పట్నం. ఈ రెండింటి చుట్టూ కట్టాము.

నెలలో నాలుగు రోజుల పాసు. మొదటి రోజు మ్యూనిక్‌నుంచి జ్యూరిక్, అక్కడినుంచి బెర్న్ మీదుగా ఇంటర్‌లాకెన్. అంతా ఒక్క పగలు, పాసులో ఒక్క రోజే. ఇంటర్‌లాకెన్‌లో నాలుగు రాత్రులు ఒకేచోట బస; పెట్టె ఒక్కసారే విప్పడం. అక్కడినుంచి యుంగ్‌ఫ్రావ్ కొండమీదికి రైలు పోతుంది. 1912లో తెరిచిన స్టేషను, 3,454 మీటర్ల ఎత్తు. మంచుదాకా రైలే తీసుకుపోతుంది గనుక కొండ ఎక్కే శ్రమ లేదు. అయితే దానికి పాసు పూర్తిగా చెల్లదు, కొంత తగ్గింపు మాత్రమే. టిక్కెట్టు బాగా ఖరీదు. అంత ఎత్తున ఊపిరి బరువవుతుంది గనుక రక్తపోటు వున్నవారు ముందు డాక్టరును అడిగి పోవాలి. అమ్మగారి కోరిక ఒక్కటే కాబట్టి ఆ ఖర్చు దగ్గర లోభం చేయవద్దని నేనే చెప్పాను. శని ఆదివారాలు చూసుకొని కొడుకు అక్కడికి వస్తాడు. వాడికి రెండు రోజులకోసం పాసు దండగ, విడి టిక్కెట్టే మేలు.

రెండో పాసు రోజు ఇంటర్‌లాకెన్‌నుంచి లూసెర్న్ వెళ్ళిరావడం. సరస్సుల పక్కన రెండు గంటల దారి. మూడోది బాసెల్ మీదుగా పారిస్. నాలుగోది పారిస్‌నుంచి మ్యూనిక్. పారిస్‌లో మూడు రాత్రులు. అక్కడి మెట్రోకు పాసు చెల్లదు, మెట్లూ ఎక్కువే. సిటీ బస్సు ఎక్కండని అమ్మగారికి రాసిచ్చాను. మొత్తం వారం రోజుల వ్యవహారం. మిగిలిన నాలుగు వారాలూ కొడుకు ఇల్లే.

ఆ నాలుగు వారాల్లో ఆదివారాలు బయటికి పోవడానికి జర్మనీలో ఇంకో టిక్కెట్టు వుంది. 2023 మే నెలలో 49 యూరోలకు మొదలయి 2026 జనవరినుంచి 63 యూరోలయింది. నెలంతా దేశమంతటా ప్యాసింజరు బండ్లలో, సిటీ బస్సుల్లో, ట్రాముల్లో, భూగర్భ రైళ్ళలో చెల్లుతుంది. వేగం బండ్లలో చెల్లదు. ముసలివాళ్ళకు ఇది యూరెయిల్ కంటే ఎక్కువ పనికివస్తుందని నా అభిప్రాయం. కాని ఇది చందా పద్ధతి. నెల పదో తేదీలోగా రద్దు చెప్పకపోతే మరుసటి నెల డబ్బు కూడా పట్టుకుంటారు. ఇండియాకు తిరిగివచ్చాక ఆ సంగతి గుర్తొస్తే లాభం లేదు.

“నాలుగు రోజులకు పాసెందుకప్పా, విడిగా టిక్కెట్లు కొంటే?” అని అయ్యవారు మంచి ప్రశ్నే వేశారు. రెండు మూడు నెలల ముందు కొంటే చౌక టిక్కెట్లు దొరుకుతాయి; వాటితో పోలిస్తే పాసు లాభమేమీ పెద్దగా కనబడలేదు. కాని చౌక టిక్కెట్టు ఆ రోజుకు, ఆ బండికి మాత్రమే. ఆ పొద్దున మోకాలు పట్టేస్తే డబ్బు నీళ్ళపాలే. పాసులో ఆ రోజు మొదలుపెట్టకపోతే రోజు అట్లాగే మిగులుతుంది, టి.జి.వి. సీటు డబ్బు పోతే పోతుంది. మోకాళ్ళకోసమే పాసు కొనమన్నాను. పడుచువాళ్ళయితే టిక్కెట్లే కొనమందును.

బండి మారే చోట్ల మాత్రం నేను పట్టుబట్టాను. మొబైలు చూపిస్తుంది, ఎనిమిది నిమిషాల్లో రెండో బండి అని. జర్మనీ బండి గదా, గడియారంలాగా వస్తుందని మనవాళ్ళ నమ్మకం. ఆ నమ్మకానికి కాలం చెల్లింది. 2024లో అక్కడి దూరపు బండ్లలో నూటికి 62.5 మాత్రమే వేళకు చేరాయని వారి రైల్వే లెక్కే చెబుతుంది. అందులోనూ ఆరు నిమిషాలలోపు ఆలస్యం ఆలస్యం కిందికి రాదు. మారే చోట ముప్పావు గంటయినా వుంచుకోండి. ఈ తెలివి నాది కాదు, మా తాతది. మొరప్పూరునుంచి ధర్మపురికి 1906లో వేసిన రెండున్నర అడుగుల చిన్నలైనును 1913లో మన హోసూరుదాకా తెచ్చారు. అంతకు ముందే 1905లో తిరుపత్తూరునుంచి కృష్ణగిరికి అట్లాంటిదే ఒకటి వచ్చింది. కరువులో గింజలు చేరవేయడానికని వేసిన లైన్లు. యుద్ధం నడుమ 1941లో రెండూ ఎత్తేశారు. కృష్ణగిరి పట్టణానికి ఈనాటికీ రైలు లేదు. తాత పట్నం పోవాలంటే ఆ చిన్నబండిలో మొరప్పూరు చేరి పెద్దబండి ఎక్కాలి. పెద్దబండికి సగం రోజు ముందే చేరి, అరుగుమీద సద్ది విప్పుకొని కూర్చునేవాడట. బండి తప్పిపోయిందని ఆయన ఒక్కనాడూ అనలేదు.

ఇంకా కొన్ని చిల్లర సంగతులు. పాసు ఇప్పుడు మొబైలులోనే వస్తుంది. బండి ఎక్కకముందే ఆ ప్రయాణాన్ని అందులో నమోదు చేసుకోవాలి, లేకపోతే టిక్కెట్టు లేని ప్రయాణమే. మొబైలులో చార్జి ప్రాణంతో సమానం. పాస్‌పోర్టు పెట్టెలో అడుగున కాదు, చేతిసంచిలో వుండాలి. 2024 సెప్టెంబరులో జర్మనీ తన భూసరిహద్దులన్నిటా మళ్ళీ తనిఖీలు పెట్టింది. కూలీలు వుండరు, ఎవరి పెట్టె వారే మోసుకోవాలి. కాబట్టి ఇద్దరికీ కలిపి ఒక చిన్న చక్రాల పెట్టె, మిగతాది కొడుకు ఇంట్లో. నెయ్యి, కోవా, పాలు పెరుగుతో చేసినవి ఆ దేశాల్లోకి తీసుకుపోనివ్వరు. మన కృష్ణగిరి మామిడిపండు కూడా సర్టిఫికెట్టు లేకుండా కుదరదు. ఈ మాట చెప్పినప్పుడు అమ్మగారి మొహం చిన్నబోయింది. కొడుక్కి ఆ పండంటే ప్రాణమట. పచ్చడి పోతుంది, పొడులు పోతాయి అన్నాను.

వీసాకు ఆరు నెలల ముందునుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, పదిహేను రోజులలోపయితే తీసుకోరు. ఎక్కువ రోజులు వుండేది జర్మనీలో గనుక జర్మనీకే పెట్టాలి. 90 యూరోల రుసుం, 30,000 యూరోలకు తగ్గని వైద్య బీమా. వీసా చేతికి వచ్చినదాకా పాసు కొనవద్దు. బెంగుళూరు మనకు పక్కనే వున్నా మనది తమిళనాడు చిరునామా. ఏ వూరి కార్యాలయం అనేది దేశాన్ని బట్టి మారుతుంది, ముందే చూసుకొని బయలుదేరండి.

ఇటలీ తీసేసినప్పుడు అయ్యవారు బాధపడ్డారు. రోము చూడకుండా యూరపు ఏమిటన్నారు. దారి పటం తీసి చూపించాను. మ్యూనిక్‌నుంచి జ్యూరిక్ పోయే బండి మూడున్నర గంటల్లో జర్మనీ వదిలి, కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున బ్రెగెంజ్ దగ్గర ఆస్ట్రియాలో కాసేపు నడిచి, సెయింట్ గాలెన్, వింటర్‌తూర్ మీదుగా పోతుంది. వింటర్‌తూర్ అనగానే ఆయన తలెత్తారు. మేట్టుపాళయంనుంచి ఊటీకి పళ్ళచక్రంతో ఎక్కే పాత ఆవిరి ఇంజన్లను చేసిన కార్ఖానా ఆ వూళ్ళో వుండేది. ఆ పళ్ళపట్టీ పద్ధతి కనిపెట్టిన ఆబ్ట్ కూడా స్విస్ దేశస్థుడే. బడిపిల్లలను ఏటేటా ఆ బండిలో ఊటీకి తీసుకుపోయిన మనిషి గదా.

“ఆ వూరిమీదుగానే పోతాదా?” అని రెండుసార్లు అడిగారు. రోము మాట మళ్ళీ ఎత్తలేదు.

వేలిముద్రలు ఇవ్వడానికి వచ్చే నెలలో తేదీ దొరికింది. అమ్మగారు మోకాళ్ళకు పట్టీలు కొనుక్కున్నారు. తొమ్మిది దేశాల కాగితం మాత్రం అయ్యవారు పారేయలేదు, చొక్కా జేబులోనే వుంది. నిన్న సాయంత్రం మళ్ళీ వచ్చి, బ్రెగెంజ్‌లో బండి ఎన్ని నిమిషాలు ఆగుతుందో కనుక్కోమని నాకు పని పురమాయించి వెళ్ళారు. ప్లాట్‌ఫారం మీద ఒక కాలు పెట్టి ఎక్కితే ఆస్ట్రియా లెక్కకు వస్తుందని ఆయన వాదం.